రైలు లేని దీవిలో గూడ్సు బండి

పోర్ట్ బ్లెయిర్‌లో రైలు కూత వినపడదు. సిగ్నలు స్తంభం లేదు, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాని కేక లేదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన ఈ పట్టణం నుండి ఉత్తరాన డిగ్లీపూర్ వరకు 240 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలన్న ప్రతిపాదన 2017లో పత్రికలకెక్కినదే గాని నేలమీదికి దిగలేదు. అయినప్పటికీ, పట్టణాన్ని ఆనుకుని చిన్న వంతెనకు అవతల ఉన్న చాతం దీవిలో అడుగుపెట్టిన సందర్శకునికి ఇనుప పట్టాలు కనబడతాయి. అక్కడి సామిల్లు ఆవరణలో ఆ పట్టాల మీద ట్రాలీలు నడుస్తాయి. వాటిపై ప్రయాణించేవి కొయ్యదుంగలు.

రైలు నమూనాలు తయారుచేసే ఔత్సాహికునికి ఇంతకంటె ఆకర్షణీయమైన వస్తువు దొరకడం కష్టం. ఇంజను లేకపోయినా ఫరవాలేదు. నాలుగు చక్రాలు, ఒక ఇనుప చట్రం, దానిమీద గొలుసులతో బిగించిన ఒక మహావృక్షపు మొండెం. ఇంతేకదా అనిపిస్తుంది. చేయబోతే తెలుస్తుంది, ఆ చట్రం చేయడానికి ఒక సాయంత్రం చాలునని, దానిమీది తుప్పుకూ దుంగకూ ఒక మాసం పడుతుందని.

ప్రపంచంలో ఎక్కువమంది చేపట్టే కొలత అసలు వస్తువులో 87వ వంతు. దీనిని హెచ్‌ఓ కొలత అంటారు. ఒక మీటరు అడ్డుకొలత గల దుంగ ఈ కొలతలో పదకొండున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్లు. ఇంగ్లండులో వేరొక కొలత వాడుకలో ఉన్నది, ఇంకా చిన్నవీ ఉన్నాయి. మన దేశంలో ఈ విద్యకు అభిమానులు తక్కువేమీ కాదు. పుణేలో భావ్ జోషి కూర్చిన చిన్న రైళ్ళ ప్రదర్శనశాల 1998 నుండి సందర్శకులను రప్పిస్తున్నది. అయితే భారతీయ నమూనాకారునికి మొదటి చిక్కు పట్టాల దగ్గరే వస్తుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల నడుమ దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. అది విదేశాల పట్టాలకు సరిపోయిన లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే పంతొమ్మిది దాటుతుంది. అందుచేత మన బండ్లు ఆ పట్టాల మీద కొంచెం ఇరుకు చెప్పులు తొడిగినట్లు కనిపిస్తాయి. చాలామంది ఈ లోపాన్ని చూసీ చూడనట్లు ఊరుకుంటారు. తుప్పు విషయంలో మాత్రం ఊరుకోరు.

ఒకప్పుడు తుప్పును కూడా ఎవరూ పట్టించుకునేవారు కారు. నమూనా అంటే అద్దాల బీరువాలో తళతళలాడవలసిన వస్తువని నమ్మకం. ఈ నమ్మకాన్ని సడలించినవారిలో ముఖ్యుడు అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన జాన్ అలెన్. ఆయన వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు. వెలుతురు ఏ వస్తువుమీద ఎలా పడుతుందో, పాతబడిన గోడకూ కొత్త గోడకూ తేడా ఎక్కడ తెలుస్తుందో ఆయన కన్ను ఎరుగును. తన చిన్న ఇళ్ళకూ బండ్లకూ పొగ మసి పూశాడు, పెచ్చులూడిన రంగు వేశాడు, ఎండకు వెలిసిన చెక్కలు అతికాడు. మాంటెరేలోని తన ఇంట్లో కట్టుకున్న రైలుమార్గానికి ఆయన పెట్టిన పేరు గంభీరంగా కనబడుతుంది. పైకి చదివితే ‘గోరీ అండ్ డిఫీటెడ్’, అనగా ‘నెత్తురోడి ఓడినవాడు’ అని వినబడుతుంది. పంచె బిగించి పెద్ద పనికి దిగినవాడు తనను చూసి తానే నవ్వుకోవడమిది. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే ఆ ఇంటికి నిప్పంటుకుని, రైలుమార్గం చాలావరకు బూడిదైంది. ఆయన తీసిన ఛాయాచిత్రాలు మాత్రం మిగిలాయి. వాటిని చూసి నేర్చుకున్నవారు నేటికీ ఉన్నారు.

ఈ కళను ఇంగ్లీషులో వెదరింగ్ అంటారు. ఎండావానలు తిన్న రూపం ఇవ్వడమని అర్థం చెప్పుకోవచ్చు. కాని ఎండావానలే కాదు, బండి మోసిన బరువు కూడా దానిమీద గుర్తులు వేస్తుంది. తెలుగు పాఠకునికి దగ్గరి ఉదాహరణ కావాలంటే విశాఖపట్నం పోవాలి. బైలదిల్లా గనుల నుండి ఇనుప ఖనిజం తీసుకుని కిరందుల్–కొత్తవలస మార్గంలో దిగివచ్చే గూడ్సు బండిని అరకు వైపు వెళ్ళినవారందరూ చూసే ఉంటారు. పైకప్పులేని ఆ పెట్టెలలో ఎక్కువగా కనిపించే రకం పేరు బాక్స్‌ఎన్. దానిలో సుమారు 56 ఘనపు మీటర్ల చోటు ఉన్నది. మోయగలిగే బరువు 58 టన్నుల చిల్లర. బొగ్గు తేలిక గనుక ఆ చోటంతా నిండి, అంచుకు పైన గుట్టగా లేస్తుంది. ఇనుప ఖనిజం సంగతి వేరు. సగం కూడా నిండకముందే మోయగలిగినంత బరువు పూర్తవుతుంది. అందుచేత నిండు బండి కూడా దూరం నుండి చూసేవానికి ఖాళీగా కనబడుతుంది. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే తప్ప లోపలి ఎర్రని దిబ్బలు కనిపించవు.

కొత్తగా ఈ విద్యలో దిగినవాడు ఇక్కడే దొరికిపోతాడు. పెట్టె అంచు వరకు ఎర్రమట్టి నింపి, ఇనుప ఖనిజమని సంతోషిస్తాడు. రైల్వే ఉద్యోగి ఎవరైనా ఆ నమూనా చూస్తే ముందు ఇరుసుల వంక చూస్తాడు, అవి ఇంకా విరగలేదేమా అని.

బరువు లెక్కలో మరొక వింత ఉన్నది. పొడవు 87వ వంతుకు తగ్గితే బరువు 87ను మూడుసార్లు హెచ్చించిన అంకెతో, అనగా ఆరున్నర లక్షలకు పైబడిన అంకెతో తగ్గాలి. ఆ లెక్కన 81 టన్నుల నిండు బాక్స్‌ఎన్ పెట్టె నమూనా సుమారు 123 గ్రాములు తూగాలి. ఖాళీ పెట్టె 34 గ్రాములు. అయితే 34 గ్రాముల పెట్టె మలుపులో పట్టా తప్పుతుంది. అమెరికా నమూనాకారుల జాతీయ సంఘం సూచించిన కొలత ప్రకారం అంత పొడవు పెట్టెకు సుమారు 97 గ్రాములు ఉండాలి. అందుచేత ఖాళీ పెట్టె అడుగున సీసపు ముక్కలు దాచిపెట్టి, చూసేవానికి ఖాళీగాను, పట్టాలకు నిండుగాను కనిపించేటట్లు చేస్తారు. ఇది మోసమే. నిజంకోసం చేసే మోసమని వాళ్ళ సమాధానం.

బొగ్గు సరుకు కావాలంటే నిజమైన బొగ్గునే రోట్లో దంచి, టీ వడపోసే జాలీలో జల్లించి వాడతారు. అరచేతి వెడల్పు బొగ్గుపెళ్ళ ఈ కొలతలో ఒక్క మిల్లీమీటరు. అడుగున అట్టముక్కతో గుట్ట ఆకారం కట్టి, పైన ఒక పొర మాత్రం బొగ్గుపొడి చల్లి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్కలు చుక్కలుగా వేస్తారు. ఆ నీళ్ళలో ఒక్క బొట్టు సబ్బు ద్రవం కలపకపోతే జిగురు పొడిలోకి ఇంకదు, ముత్యంలా పైన నిలుస్తుంది. ఇసుక వాడేవారికి మరొక హెచ్చరిక ఉన్నది. విశాఖ, భీమునిపట్నం తీరాల ఇసుకలో నల్లని రేణువులు కలిసి ఉంటాయి. వాటిలో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి. అవి చిన్న ఇంజను మోటారులోకి చేరితే ఇంజను ఆగిపోతుంది. ముందుగా కాగితం మీద పరచి, పైన అయస్కాంతం తిప్పి, అంటుకున్నవి తీసివేయాలి.

ఇక తుప్పు. దీనిని ఊహించి పూయరాదు, చూసి పూయాలి. నీరు ఎక్కడ నిలుస్తుందో అక్కడ పుట్టి, ఎటు జారుతుందో అటు చార కడుతుంది. చక్రాలు చిమ్మిన బురద పెట్టె రెండు కొసల మీద ఎక్కువ, నడుమ తక్కువ. సరుకు రాపిడికి లోపలి గోడల రంగు పోయి, బయటికంటె లోపలే తుప్పు హెచ్చుగా ఉంటుంది. పెట్టెల వరుస అంతటికీ ఒకే మురికి పూసినవాడు కూడా తప్పు చేసినట్లే. విజయవాడ దగ్గరి రాయనపాడు వంటి కర్మాగారంలో పూర్తి మరమ్మతు పొంది వచ్చిన పెట్టె తోటి పెట్టెల నడుమ పెళ్ళికొడుకులా మెరుస్తుంది. దాని ఒంటిమీద మళ్ళీ ఎప్పుడు మరమ్మతుకు రావాలో తేదీ కూడా కొత్త తెల్లరంగుతో రాసి ఉంటుంది. వరుసలో అలాంటిది ఒక్కటి ఉంటే మిగిలిన మురికిని కన్ను నమ్ముతుంది.

ఇప్పుడు తిరిగి చాతం దీవికి రావచ్చు. అక్కడి ట్రాలీకి ఎరుపురంగు పెట్టెలు లేవు, తేదీలు లేవు. సంవత్సరానికి మూడువేల మిల్లీమీటర్ల వాన, రెండు వర్షకాలాలు, నాలుగు వైపులా ఉప్పుగాలి. ఇనుము అక్కడ పొరలు పొరలుగా లేస్తుంది. దీనిని చూపడానికి నమూనాకారులు వాడే ఉపాయం ఒకటి ఉన్నది. ముందుగా చట్రమంతటికీ తుప్పురంగు వేసి ఆరనిస్తారు. తడిచేసి, అక్కడక్కడ ఉప్పు చల్లి, మళ్ళీ ఆరనిస్తారు. దానిపైన అసలు రంగు వేసి, అది గట్టిపడ్డాక ఉప్పును పాత కుంచెతో రాల్చివేస్తారు. ఉప్పు ఉన్నచోటల్లా రంగు ఊడివచ్చి కింది తుప్పు బయటపడుతుంది, అచ్చంగా పెచ్చులూడినట్లు. అండమాన్ ఇనుమును తినివేసిన ఉప్పే నమూనాలోనూ ఆ పని చేయడం యాదృచ్ఛికమే అయినా, ముచ్చటైన యాదృచ్ఛికం.

దుంగ విషయం ఇంతకంటె కష్టం. కొయ్యను కొయ్యతోనే చేయవచ్చుననుకుని పెరట్లో ఒక పుల్ల విరిచి తెచ్చేవారు ఎక్కువ. పుల్లమీది బెరడులో ఒక మిల్లీమీటరు పగులు ఉంటే, అసలు దుంగమీద అది నాలుగు వేళ్ళ మందాన లోతైన చీలికయి కూర్చుంటుంది. అటువంటి చెట్లు కథల్లో ఉంటాయి. అందుచేత నునుపైన సన్నని బెరడు గల కొమ్మలు ఏరుకోవాలి. వాటిని మందమైన వేడిమీద ఆరబెట్టకపోతే లోపలి పురుగు ఏడాది తిరిగేసరికి దుంగను పిండి చేస్తుంది. కోసిన కొసలకు వాడే కిటుకు వంటింటిదే. చిక్కని టీ డికాషను పూసి ఆరనిచ్చి, ఇనుపపీచు నానవేసిన వెనిగరు పూస్తే చెక్క ఎన్నో ఏళ్ళు వానలో పడి ఉన్నట్లు బూడిదరంగుకు తిరుగుతుంది. అయితే ఇది ఎన్నాళ్ళుగానో పడి ఉన్న దుంగకు చేయవలసినది. నిన్న కోసిన దుంగ కొస బూడిదరంగులో ఉండదు.

నిన్న కోసిన అండమాన్ దుంగ కొస ఏ రంగులో ఉంటుంది? దానికి ముందు అది ఏ చెట్టో తెలియాలి. అండమాన్ అడవుల రాజు పడౌక్. మన రక్తచందనానికీ వేగిసకూ అది దగ్గరి చుట్టం. దాని చేవ ఎర్రన, చుట్టూ ఉండే లేతచెక్క పాలిపోయి ఉంటుంది. దుంగ కొస మీద ఎర్రని వృత్తం, దానిచుట్టూ లేతరంగు అంచు తీర్చకపోతే అది పడౌక్ కాదు. గర్జన్ దుంగ తీరు వేరు. నిటారుగా, చాలా ఎత్తు వరకు కొమ్మ లేకుండా పెరిగే చెట్టు అది. ప్లైవుడ్డుకూ, మందు పట్టించి రైలు స్లీపర్లకూ వాడేవారు. పపీత అనే మరో చెట్టు తెల్లగా, మెత్తగా ఉండి అగ్గిపుల్లలకు పోయేది. ఒకే ట్రాలీమీద ఈ మూడింటినీ పేర్చి రంగురంగుల బొమ్మగా చేయాలన్న ఆశ కలగవచ్చు. కొయ్యపని తెలిసినవాడు చూస్తే ఒక్క నవ్వు నవ్వి ఊరుకుంటాడు.

పడౌక్ గురించి ఒక విశేషం ఇక్కడ చెప్పక తప్పదు. అమెరికాలో విలాసవంతమైన రైలుపెట్టెలు కట్టిన పుల్‌మన్ కంపెనీ వాటి లోపలి పనికోసం ఈ కలపను సముద్రాలు దాటించి తెప్పించుకున్నది. రైలే లేని దీవి చెట్లు చికాగో పరిసరాలలో రైలెక్కి ఊరేగాయన్నమాట.

చాతం సామిల్లు 1883లో వెలసింది. అంతకు దాదాపు ఒక శతాబ్దం ముందే, 1789లో, లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఏర్పరచిన మొదటి ఆంగ్ల వలస కూడా ఈ చాతం మీదనే. అది నిలవలేదు. 1858 తరువాత వచ్చిన ఖైదీల వలస నిలిచింది. చెట్టు కొట్టడంలో, బాట వేయడంలో, దుంగ దొర్లించడంలో ఖైదీల చెమట ఉన్నది. కొట్టిన చెట్టును ఏనుగులు ఈడ్చేవి. అడవిలో వేసిన తేలిక ట్రాం పట్టాల మీద దుంగలు ఒడ్డుకు చేరేవి. అక్కడినుండి తెప్పలుగా కట్టి, సముద్రం మీదుగా మిల్లుకు లాక్కుని వచ్చేవారు. 1942 మార్చిలో జపాను విమానాలు మిల్లుమీద బాంబులు వేశాయి. ఆ బాంబు తవ్విన గొయ్యిని నేటికీ సందర్శకులకు చూపుతారు. యుద్ధానంతరం మిల్లు మళ్ళీ నడిచింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఉత్తరాంధ్ర నుండి ఉపాధి వెతుక్కుంటూ ఓడ ఎక్కినవారు పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారు. 2011 జనగణన నాటికి ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమూడుగురు.

2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అండమాన్ అడవుల నరికివేతకు గట్టి పరిమితులు ఏర్పడ్డాయి. ఆదిమజాతుల అరణ్యాలకు, వారి బ్రతుకుకు అది ఎంతో అవసరమైన రక్షణ. కొయ్యకోత స్థానికుల అవసరాల మేరకు కుదించుకుపోయింది. ట్రాలీల మీద దుంగల రద్దీ తగ్గింది.

నమూనాకారుని ముందు అసలు ప్రశ్న ఇక్కడ నిలుస్తుంది. అతడు ఏ సంవత్సరపు ట్రాలీని చేయబోతున్నాడు? 1930 ప్రాంతమని అనుకుంటే మనిషి నిలువెత్తులో ముప్పాతిక వంతు అడ్డుకొలత గల పడౌక్ దుంగ ఎక్కించవచ్చు. పక్కన ఏనుగు ఉండాలి, గొలుసులు ఉండాలి, ఆ గొలుసు పట్టుకున్న మనిషి ఎవరో కూడా తెలియాలి. అతడు కూలికి వచ్చినవాడా, శిక్షపడి వచ్చినవాడా? రెండు సెంటీమీటర్ల బొమ్మకు ఏ బట్టలు తొడగాలన్నది దానిమీద ఆధారపడుతుంది. నేటి ట్రాలీని చేయదలిస్తే దుంగ సన్నబడాలి, పట్టాల నడుమ గడ్డి మొలవాలి. రెండు కాలాలను కలిపి, 1930 నాటి దుంగను నేటి తుప్పుపట్టిన చట్రం మీద పెట్టినవాడు అందమైన వస్తువు చేయవచ్చు గాని, అటువంటి రోజు ఏనాడూ లేదు. ఆ రోజుల్లో బాగా పనిచేసే ట్రాలీకి చక్రాల అంచులు వెండిలా మెరుస్తూ ఉండేవి. తుప్పు చక్రాలమీదికి ఎక్కేది పని ఆగిన తరువాతనే. ఈ చిన్న విషయాన్ని ఎందరో మరచి, పని చేస్తున్న బండి చక్రాలకు కూడా గోధుమరంగు పూసివేస్తారు.

ఇక గొలుసు ఎన్ని చుట్లు చుట్టేవారు, దుంగ దొర్లకుండా పక్కన ఏ మేకు దిగగొట్టేవారు, పొడుగాటి దుంగకు రెండు ట్రాలీలు విడివిడిగా పెట్టేవారా వంటి ప్రశ్నలకు గ్రంథాలలో జవాబు దొరకడం అరుదు. అడవి ట్రాంలున్న చాలా దేశాలలో దుంగ రెండు కొసలను రెండు చిన్న బండ్ల మీద ఆనించి, నడుమ దుంగనే చట్రంగా వాడుకునే పద్ధతి కనబడుతుంది. ఇక్కడ ఏ లైనులో ఏది వాడారో దుంగ ఎత్తినవారే చెప్పగలరు. ఈ పనిలో చేతులు కాయలు కాసినవారు పెద్దవారైపోయారు. వారి జ్ఞాపకం నుండి ఒక గొలుసు ముడి పట్టుకోగలిగితే, నమూనాకారునికి నెల రోజుల ఊహ తప్పుతుంది. పాత ఛాయాచిత్రం దొరికితే మరీ మంచిది. అయితే ఛాయాచిత్రం తీసేవాడు సాధారణంగా ఏనుగును తీస్తాడు, గొలుసును తీయడు.

పని ముగింపుకు వచ్చేసరికి దుంగ పైభాగాన బెరడు కింద ఒక సన్నని ఇనుపరేకు దాచడం మరువరాదు. అప్పుడు పైనుండి ఒక చిన్న అయస్కాంతం తాకించి దుంగను ఎత్తివేయవచ్చు. మిల్లు వైపు పోయిన ట్రాలీ నిండుగా పోవాలి, ఒడ్డుకు తిరిగివచ్చే ట్రాలీ ఖాళీగా రావాలి. దుంగను శాశ్వతంగా జిగురుపెట్టి అతికినవారి ట్రాలీ రెండు వైపులా నిండుగా పోతూ, రాకపోకలలో ఎక్కడా కొయ్య దించదు.

అలా దుంగ ఎత్తివేయగానే కింద ఏముండాలో దానినీ చేయాలి. దుంగ ఒరుసుకున్నచోట చట్రం మీద రంగు పూర్తిగా పోయి ఇనుము నున్నగా కనిపిస్తుంది. దానిచుట్టూ తడిబెరడు వదిలిన నల్లని మరక. మూలలో రాలిన బెరడు పెచ్చులు, కొంచెం ఎర్రని రంపపుపొట్టు. పడౌక్ పొట్టు దొరకనివారు కుంకుమపువ్వు రంగులూ పసుపుపొడులూ ప్రయత్నించి విఫలులవుతారు. అలమారుల పని చేసే వడ్రంగిని అడిగితే వేగిసపొట్టు గుప్పెడు ఇస్తాడు. చుట్టరికం ఉన్నది గనుక అది సరిపోతుంది. వదులుగా వేలాడే గొలుసు ఒకటి చట్రం పక్కనుండి జారి, పట్టాలకు తగలనంత ఎత్తులో ఆగాలి.